వెనకాల రాసిన చిల్లర

ప్యాట్నీ కాడ ఎనిమిది ఏ ఎక్కినం.
అండాలుకు జీరో టికెట్,
ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్ల పెట్టి
కొత్త పెండ్లిపిల్ల తీర్గ గుండెకు హత్తుకున్నది.
నాకు పైసల టికెట్.
రెండొందల నోటిస్తే, కండక్టర్ పిల్ల
వెనకాల గీకి ఇచ్చింది: నూట డెబ్బై.
"దిగేటప్పుడు తీస్కో తాతా."

తాత అట.
ఇరవై తొమ్మిదేండ్లు ఇదే రూటు మీద
నేను గీకిన అంకెలన్నీ కలిపితే
ఒక బ్యాంకు లేస్తది.

కిటికీ సీటు నాకే ఇడిసిపెట్టింది అండాలు.
"ఎన్నడన్న కూసున్నవా బస్సుల?" అన్నది.
నిజమే.
నిలబడి చూసిన ఊరు ఇది
చంకల కింది నుంచి, సంచుల మీది నుంచి,
తునకలు తునకలుగ.
ట్యాంక్‌బండ్ అంటే నాకు
కుడి దిక్కు నుంచి కొట్టే గాలి. గంతే.
టికెట్లు ఎగురకుంట బొటనేలుతోటి అదిమిపట్టే జాగ.
ఇయ్యాల తల తిప్పితే
నీళ్ళున్నయి.
నీళ్ళ నడుమ బుద్ధుడు,
సీట్లన్నీ ఖాళీ ఉన్నా కూసోని మనిషి లెక్క.

ఆబిడ్స్. కోఠి.
నోరు దానంతటదే తెరుసుకున్నది:
"అఫ్జల్‌గంజ్ దిగాలె, దిగాలె, ముంగటికి జరుగుండ్రి!"
బస్సంత మర్లి చూసింది.
కండక్టర్ పిల్ల నవ్వింది.
అండాలు మోకాలు గిచ్చింది.
సిగ్గుతోటి మదీనా కాడ
మెడ ఎత్తకుంట దిగిన.

చార్మినార్ చార్మినార్ అని
రోజుకు ఎన్నిమార్లు ఒర్రిన్నో.
ఒక్కపారి గూడ ఎక్కలే.
ట్రిప్పుకు ట్రిప్పుకు నడుమ ఏడు నిమిషాలు
చాయ్‌కి నాలుగు, ఒంటికి మూడు.
ఇయ్యాల టికెట్ కొన్న. గేటు కాడోడు చింపిండు.
చింపుడు రాదు వానికి, అంకె మీదికెల్లి చినిగింది.
మెట్లు లెక్కపెట్టుకుంట ఎక్కిన, అలవాటు.
యాభై ఎన్నో కాడ దమ్మొచ్చి లెక్క తప్పింది.
లెక్క తప్పినా
జీతంల కోసెటోడు లేడు.
ఆ సంతోషం జర్రసేపు నిలబడి అనుభవించిన,
ఎన్క వచ్చెటోళ్ళు గునుగుతాంటే.

పైన అండాలు లాడ్‌బజార్ గాజుల మెరుపు చూసింది.
నేను బస్సులు యాడ మలుపుకుంటున్నయో చూసిన.

వాపస్ మెట్రో.
ప్లాస్టిక్ బిళ్ళ తాకిస్తే గేటు తెరుసుకునుడు, గంతే.
రైట్ రైట్ అనెటోడు లేడు, హోల్డాన్ అనెటోడు లేడు.
కనపడని ఆడమనిషి ఒకామె
స్టేషన్ల పేర్లు చెప్తాంది, గొంతు తడారకుంట.
ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అన్నది.
మా పేరే.
ఎవ్వలూ అరవకుంటనే దిగిండ్రు.
అద్దంల కెల్లి మిద్దెలు, నీళ్ళ ట్యాంకులు,
తీగె మీద పిల్లల బడిబట్టలు.
ఇంటింటికి ఒక నెత్తి ఉంటదని
నాకు అరవై మూడేండ్లకు తెలిసింది.

అప్పుడు జేబుల చెయ్యి పెడితే తగిలింది.
నూట డెబ్బై.

పైసల రంది కాదు.
ఎనుకట ఒకాయన, చేతిల కోడిపెట్ట,
ముప్పై ఎనిమిది రూపాయలు మర్సి
ఆబిడ్స్‌ల దిగిపోయిండు.
పన్నెండు దినాలు అంగి జేబుల పెట్టుకొని తిరిగిన.
అండాలు అంగితో పాటు ఉతికింది,
నోట్లు మెత్తగ, పాత చీరె లెక్క అయినయి.
రాలే ఆయన.
మొఖం యాదికి లేదు. కోడి తోక యాదికున్నది, ఎర్రగ.
ఇప్పటికి ఆబిడ్స్ వస్తే
అందరి చేతులు చూస్త.

ఆ పిల్ల గూడ ఈ యాళ్ళకు డిపోల
పైసలు అప్పజెప్పుకుంట
మిగిలిన నూట డెబ్బై పక్కకు పెడ్తాంటది.
లేకుంటే పెట్టదు, ఏం తెలుసు.
"రేపు అదే టైముకు ప్యాట్నీ కాడ నిలబడదామా?" అన్న.
అండాలు నా దిక్కు ఎగాదిగా చూసి
"దినమంత నిలబడుడేనా?
పిల్ల దొరికినంక గోల్కొండ దాంక పోదాం" అన్నది.
"ఏ నంబర్ పోతది?"

ఇరవై తొమ్మిదేండ్ల కండక్టర్ను.
ఆ దిక్కు నంబర్లు నాకు రావు.
పక్క సీటు పిలగాన్ని అడిగినం.